జెరేనియంలు ఆకులే వేస్తున్నాయి, మొగ్గ రావట్లేదు

ప్రశ్న (విజయనగరం):
నమస్కారం అండి. మేడ మీద కుండీల్లో మూడు రకాల జెరేనియంలు (పెలార్గోనియంలు) ఉన్నాయి: గుండ్రటి ఆకుల జోనల్, కిందికి వేలాడే ఐవీ, పెద్ద పూల రీగల్. ఆకులు ఏపుగా ఉన్నాయి గానీ ఒక్క మొగ్గా లేదు. ఏం వెయ్యాలి?

జవాబు (శ్రీకాకుళం):
వెయ్యడం కాదండీ, ముందు ఆపాలి. ఆకులే అంత ఏపుగా ఉన్నాయంటే నత్రజని ఎక్కువైనట్టే, యూరియా, గెత్తం (పశువుల పేడ ఎరువు) మానేసి పొటాష్ ఎక్కువున్న ఎరువు పల్చగా కలిపి 15 రోజులకోసారి పొయ్యండి. ఉదయం ఎండ బాగా తగలాలి, ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం నీడ. వాడిన గుత్తిని పూరేకులు తుంచి వదిలెయ్యకండి, కాడని మొదట్లో పట్టుకుని పక్కకి వంచితే టక్కున ఊడొస్తుంది.

జవాబు (బొబ్బిలి):
రీగల్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. దానికి మొగ్గ కట్టాలంటే కొన్ని వారాల పాటు రాత్రుళ్ళు 15 డిగ్రీల లోపు చల్లదనం కావాలి, మన మైదానంలో అది కష్టం.

ప్రశ్న అడిగినవారు:
నీళ్ళు రోజూ పొయ్యాలా అండి?

జవాబు (శ్రీకాకుళం):
వద్దండి, వేలు గుచ్చి చూసి పైమట్టి ఆరాకే. వానాకాలంలో చూరు కిందకి జరపండి, లేకపోతే మొదలు నల్లబడి కుళ్ళిపోతుంది.