పల్లెలో ‘పెసిడెంటు’: పొరపాటు మాట కాదు, పాత చట్టం మాట

సర్పంచిని మన శ్రీకాకుళం పల్లెల్లో ‘పెసిడెంటు’ అనడం చదువులేనివారి పొరపాటని, సర్పంచి అన్నదే అచ్చమైన మాటని నిన్న ఒక మిత్రులు రాశారు. వారిపై గౌరవంతోనే ఈ మాటతో విభేదిస్తున్నాను. నరసన్నపేట దగ్గరి మా ఊళ్లో తాతల తరంవారు ఆ మాటను పొరపాటున పట్టుకోలేదు. వారి కాలపు చట్టమే దాన్ని వారి చేతికిచ్చింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం పంచాయతీ పెద్దను ప్రెసిడెంటు అనే పేర్కొంది. రాష్ట్రం మారినా ఆ చట్టం ఇక్కడ కొనసాగింది. 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం సర్పంచి అన్న పేరు పెట్టేనాటికి పాత పేరు ఊరి నోట స్థిరపడిపోయింది. తమిళనాడు చట్టంలోనైతే నేటికీ ప్రెసిడెంటే.

ఇక సర్పంచి అచ్చమైన మాట అవునా? ‘సర్’ అంటే పారసీకంలో తల; ‘పంచ్’ అంటే సంస్కృత ‘పంచ’ నుంచి హిందీలోకి దిగిన మాట, తగవు తీర్చే అయిదుగురు పెద్దల్లో ఒకరు. పారసీకపు తలకు దేశీయ దేహం అతికించగా ఏర్పడిన సమాసమిది. సర్దారు, సరిహద్దు, సర్కారు అన్న మాటల్లో ఉన్నదీ ఆ ‘సర్’ శబ్దమే. ఒకనాడు ఉత్తర సర్కారుల్లో భాగమైన మన సీమకు అది కొత్తదేమీ కాదు, అయినా పరాయి మూలమే. ప్రెసిడెంటుకు లాటిన్ మూలాన్ని బట్టి ‘ముందు కూర్చునేవాడు’ అని అర్థం. ఊరి సభలో ముందు పీట వేయించుకునే పెద్దకు అది ఎంత చక్కగా అమరిందో చూడండి.

ఉచ్చారణ కూడా తెలుగు నోటి తీరుకు లొంగినదే. ప్రమాణం ‘పెమానం’, ప్రభుత్వం ‘పెబుత్వం’ అయినట్టే ప్రెసిడెంటు ‘పెసిడెంటు’ అయింది. మహిళ గెలిస్తే ‘పెసిడెంటమ్మ’ అంటారు. పదవి పోయి ఇరవై ఏళ్లయినా మా వీధిలో ఒకరి ఇల్లు ‘పెసిడెంటుగారిల్లే’. కొత్తగా గెలిచినవారిని ‘ఇప్పటి పెసిడెంటు’ అని వేరు చేస్తారు. మండల పరిషత్తులు వచ్చాక అక్కడి అధ్యక్షుణ్ణి ‘మండలం పెసిడెంటు’ అంటున్నారు. విశేషణం లేకుండా ఒట్టి ‘పెసిడెంటు’ అంటే ఊరివాడే. దేశాధినేతకు రాష్ట్రపతి అన్న మాట ఉంది కనుక అక్కడా తికమక లేదు.

ఇన్ని అర్థభేదాలను ఇంత స్పష్టంగా మోస్తున్న మాటను నిఘంటువులో ‘గ్రామ పంచాయతీ పెద్ద’ అన్న అర్థంతో చేర్చాలని నా కోరిక. చీపురుపల్లి, గజపతినగరం వైపు మిత్రులు తమ ఊళ్లలోని రూపాన్ని, పెద్దలు పలికినది పలికినట్టుగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.