కారవేల్లకం కాకరకాయేనా?

ఇసుకగడియారం: రసరత్నసముచ్చయమనే పాత సంస్కృత రసశాస్త్ర గ్రంథంలో రసకాన్ని, అంటే జింకు రాయిని, రెండుగా విడదీసే పాదమొకటి కొన్నాళ్లుగా వెంటాడుతోంది. “సదలో దర్దురః ప్రోక్తో నిర్దలః కారవేల్లకః” అని గుర్తు. పొరలున్నది దర్దురం, పొరలు లేనిది కారవేల్లకం అని అర్థం. కారవేల్లమంటే కాకర, దర్దురమంటే కప్ప. రాయికి ఈ పేర్లేమిటి?

పాతనిఘంటువు: పాఠం సరిగానే ఉంది. అయితే రసకానికి పర్యాయమైన మాటను కొందరు ఖర్పరమనీ, కొందరు కర్పరమనీ రాస్తున్నారు. పెంకు, పుర్రె అన్న అర్థాలు రెండింటికీ ఉన్నాయి గనుక వత్తు లేని రూపాన్ని తప్పనడం తొందరపాటవుతుంది.

రాళ్లపెట్టె: వత్తు సంగతి తరువాత చూద్దాం. జింకు కార్బనేటైన స్మిత్సోనైట్ తరచుగా బుడిపెలు బుడిపెలుగా దొరుకుతుంది. చేతిలోకి తీసుకున్నవారికి కాకరకాయ తోలు గుర్తుకు రాక మానదు. పొరలున్న దర్దురం మాత్రం స్ఫాలరైట్ అని నా నమ్మకం. అది జింకు సల్ఫైడ్, కాఠిన్యం 3.5 నుంచి 4, ఆరు దిశల్లో నున్నగా చీలుతుంది.

పాతనిఘంటువు: సల్ఫైడ్ అయితే ముందుగా కాల్చి గంధకాన్ని వదిలించాలి కదా. సత్త్వం, అంటే రాయిలోని లోహం, తీయడానికి మొదటిదైన దర్దురం, ఔషధాలకు రెండవదైన కారవేల్లకం మేలని చెప్పిన ఆ శ్లోకంలో కాల్చే మాటే లేదు.

రాళ్లపెట్టె: శ్లోకంలో లేకపోయినా గనిలో ఉంది. ఉదయపూర్ దగ్గరి జావర్‌లో ప్రధాన ఖనిజం స్ఫాలరైటే. అక్కడ బయటపడిన వంకాయ ఆకారపు మట్టి మూసలు ఆ గ్రంథం చెప్పిన వృంతాక మూషను, అంటే వంకాయ మూసను, తలపిస్తాయి. జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్దే ఆవిరైపోతుంది గనుక, మూసను బోర్లించి, ఆవిరిని గొట్టం గుండా కిందికి దించి చల్లార్చేవారు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం ఛాంపియన్ జింకు తీసే విధానానికి పేటెంటు పొందినది 1738లో.

కాకరపాదు: వంకాయ, కాకరకాయ, కప్ప! రసవాది పెరట్లో కూర్చుని పేర్లు పెట్టినట్టున్నాడు. స్ఫాలరైట్ అన్న పేరుకు గ్రీకులో మోసగించేదని అర్థం. సీసపు రాయి గలీనాలా కనిపించి సీసం ఇవ్వదు. ఉప్పు, కప్పురాల పద్యంలో వేమన రుచుల జాడ వేరన్నాడు. ఇక్కడ జాడ గీతలో తెలుస్తుంది. గరుకు పింగాణీ మీద రుద్దితే గలీనా బూడిదరంగు గీత, స్ఫాలరైట్ లేత పసుపు లేదా గోధుమరంగు గీత వదులుతాయి. జింకును మనం పిలిచే తుత్తునాగం అన్న పేరులోని నాగం సీసమే కనుక, ఆ మాటలోనూ ఈ పొరపాటే దాగి ఉందని నా ఊహ.

పాతనిఘంటువు: ఊహ బాగుంది గానీ, జింకుకు పోర్చుగీసు వర్తకులు వాడిన ‘టుటనాగ’ అన్న పేరును పక్కనపెట్టి తేల్చగల విషయం కాదది.

ఇసుకగడియారం: నా కప్ప అలాగే ఉండిపోయింది.

పాతనిఘంటువు: కప్పే కానక్కరలేదు. రఘువంశం నాలుగవ సర్గలో మలయంతో జంటగా వచ్చే దర్దురం కొండ.

రాళ్లపెట్టె: ఆ కొండ దక్షిణాన ఉన్నది, జావర్ రాజస్థాన్‌లో ఉన్నది.

పాతనిఘంటువు: అందుకే మొదట ఖర్పరమా, కర్పరమా తేల్చుకుందామన్నాను.