కొత్తపట్నం బీచ్‌లో పచ్చ చుక్క: యూఎఫ్ఓనా, ఇంకేమైనానా?

ఒంగోలు గిత్త: నిన్న రాత్రి కొత్తపట్నం బీచ్‌లో తీసిన ఫోటో. పైన ఎడమ పక్క పచ్చ చుక్క చూడండి. తీసేటప్పుడు మాకెవరికీ కనపడలేదు. మా బామ్మర్ది అప్పుడే యూఎఫ్ఓ, అదే ఎగిరే పళ్ళెం అని గ్రూపులన్నిటికీ పంపేశాడు. మీకెవరికైనా ఇలాంటివి పడ్డాయా?

చేపల పులుసు: కంటికి ఆనకుండా ఫోటోలోనే పడిందంటే ముందు లెన్స్‌ని అనుమానించాలన్నా. కింద కుడి పక్క హైమాస్ట్ లైటుంది కదా, దాన్నుంచి ఫోటో నట్టనడుమ గుండా గీత గీయి. అవతల అంతే దూరంలో చుక్క తగిలితే అది లైటు ప్రతిబింబమే. లెన్స్ గాజుల మధ్య వెలుగు అటూ ఇటూ తగిలి అలా పడుతుంది. క్రాప్ చేసిన ఫోటో మీద గీయబాక, లెక్క తప్పుద్ది.

కావలి కుర్రోడు: మా వైపు సగం ఫోటోలు శ్రీహరికోట పుణ్యమే. పీఎస్ఎల్‌వీ-సి52 రాకెట్ 2022 ఫిబ్రవరి 14న పొద్దున్నే 5:59కి లేచింది. ఆ వేళప్పుడు మనకింకా సూర్యుడు రాడు, అంత ఎత్తున పొగకి మాత్రం ఎండ తగులుద్ది. దక్షిణం దిక్కున వెలిగే మేఘమని ఎవరన్నా ఫోటో పెడితే నేను ముందు ప్రయోగం టైం చూస్తా.

కందుకూరు రైతు: పోయినేడు పొగాకు బ్యారన్ దగ్గర మంట ఎగదోస్తుంటే, చీకటి పడిన కాసేపటికి దీపాలు వరసగా పోయినయ్. చప్పుడే లేదు. నడి ఆకాశంలోనే ఒక్కొక్కటీ ఆరిపోయినయ్. ఫోన్‌లో మసక గీత తప్ప ఏం రాలా.

చేపల పులుసు: ఇంటర్నెట్ కోసం పంపే స్టార్‌లింక్ ఉపగ్రహాలయ్యుంటాయి. 2019 మేలో మొదటిసారి ఒకే రాకెట్‌లో 60 పంపారు. భూమి నీడలోకి పోగానే అలాగే ఆరిపోతాయి.

నమ్మకస్తుడు: అన్నిటికీ మీ దగ్గర జవాబుంది! 1950లో అమెరికాలో ఒరెగాన్ రైతు ఎగిరే పళ్ళెం అని తీసిన రెండు ఫోటోల సంగతేంది మరి?

కావలి కుర్రోడు: అవి తీగకి వేలాడదీసిన వస్తువని కొందరు, కాదని కొందరు. ఆ వాదన తెగలేదు, ఒప్పుకుంటా. కానీ నెగటివ్‌లు ఉండబట్టే అంత పరీక్ష జరిగింది. బెల్జియంలో 1990 నాటి త్రికోణం యూఎఫ్ఓ ఫోటో అంతకన్నా పేరుమోసింది. అది థర్మోకోల్ లాంటి దాంతో చేసిన బొమ్మని తీసినాయనే 2011లో చెప్పేశాడు. వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫోటోకి తీసిన టైం కూడా మిగలదు. గిత్తన్నా, నీ ఒరిజినల్ ఫైలుందా?

ఒంగోలు గిత్త: ఉంది. గీత గీశా, చుక్క కరెక్టుగా అక్కడే. బామ్మర్ది మాత్రం ఒప్పుకోవట్లేదు. లైటు ఆపించి మళ్ళీ తీద్దామని పంచాయతీ ఆఫీసుకి బయల్దేరాడు.