క్లౌడ్ బరస్ట్‌ని ‘మేఘ విస్ఫోటనం’ అనాలా? మన కుండపోత ఏమైంది?

గోదారి గట్టు:
నిన్న సాయంత్రం మా కాలనీలో ముప్పావు గంట దంచి కొట్టింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు, రెండు బైకులు కొట్టుకుపోయాయి. రాత్రి టీవీ పెడితే ఎర్ర అక్షరాలతో ‘మేఘ విస్ఫోటనం’. ఎనిమిదేళ్ల మా పాప అడిగింది: “నాన్నా, మబ్బు పేలితే ముక్కలు ఎక్కడ పడతాయి?” ఏం చెప్పాలో తోచలేదు. కుంభవృష్టి, కుండపోత లాంటి చక్కటి మాటలుండగా ఈ బాంబు భాష మనకెందుకు?

వానలెక్క:
మాట సంగతి తర్వాత, ముందు కొలత చూడండి. భారత వాతావరణ శాఖ లెక్కలో సుమారు 20–30 చదరపు కిలోమీటర్ల మేర గంటలో 10 సెంటీమీటర్లు, అంతకుమించి కురిస్తేనే క్లౌడ్ బరస్ట్. 10 సెంటీమీటర్లు అంటే వంద గజాల స్లాబు మీద గంటలో ఎనిమిది వేల లీటర్ల పైచిలుకు పడ్డట్టు. వెయ్యి లీటర్ల ట్యాంకులు ఎనిమిది గుమ్మరించారనుకోండి. కుండపోతకు ఇలాంటి హద్దు లేదు. పెళ్లి పందిరి తడిసినా కుండపోతే, ఊరు మునిగినా కుండపోతే. హద్దున్న దానికి వేరే పేరు ఉండాల్సిందే.

మొగులు:
అన్నా, ఆ హద్దు టీవీవాళ్లకు చెప్పు. కొలిచి చెప్తున్నది ఎవరు? డ్రైనేజీ పొంగితే చాలు, క్లౌడ్ బరస్టే. నాలా మీద కట్టిన బిల్డింగుల ఊసు ఎత్తాల్సిన పని తప్పుతుంది కదా!

విశాఖ మాస్టారు:
విస్ఫోటనం అనగానే బాంబు గుర్తుకు రావడం మన అలవాటు. సంస్కృతంలో విస్ఫోటమంటే బొబ్బ, కురుపు. మశూచిని స్ఫోటకం అని మన పెద్దలు అన్నది అందుకే. లోపల నిండినది పగిలి బయటికి రావడం అసలు అర్థం. ‘జనాభా విస్ఫోటనం’ అని పాఠం చదువుకున్నప్పుడు జనం పేలిపోతారని ఎవరమైనా భయపడ్డామా? మాట తప్పేమీ కాదు, వాడగా వాడగా అలవాటవుతుంది.

గోదారి గట్టు:
మాస్టారూ, మీరు చెప్పిన అర్థం మీకు తెలుసు, మా పాపకు తెలియదు. టీవీ చూసేవాళ్లలో ఎక్కువమంది మా పాప బాపతే.

పైగా మబ్బులో పగిలేదంటూ ఏమీ లేదు. మబ్బును నీళ్ల తిత్తిలా ఊహించుకున్న రోజుల మాట అది. నిజానికి కింద నుంచి ఎగదన్నే వేడిగాలి చినుకుల్ని పడనివ్వకుండా పైనే నిలిపి ఉంచుతుంది. ఆ గాలి సడలిందా, పోగైన నీరంతా ఒక్కసారిగా దిగుతుంది. కొండలున్నచోట గాలి మరింత పైకి ఎక్కుతుంది కాబట్టి హిమాలయాల్లో ఇవి ఎక్కువ.

నిండినది ఒక్కసారిగా వదిలేయడానికి మన దగ్గర మాట లేదా? చెరువు నిండి కట్ట తెగితే ఏమంటాం? గండి పడింది అంటాం. ‘చెరువు విస్ఫోటనం’ అని ఎవరైనా అన్నారా? మబ్బుకు గండి పడింది అంటే మా పాపకు కూడా అర్థమవుతుంది. ‘మబ్బుగండి’ అనుకుందాం, తప్పేముంది?

మొగులు:
గండి బాగుంది! మా అమ్మమ్మ “మొగులుకు చిల్లు పడ్డది” అనేది. అదీ దాదాపు ఇదే.

హిందీలో ‘బాదల్ ఫట్‌నా’ అంటారు. చొక్కా చిరిగినా, పాలు విరిగినా వాళ్లకు ఫట్‌నాయే. బాంబుకూ అదే అనుకోండి. మనవాళ్లు అన్నీ వదిలేసి ఆ ఒక్క బాంబునే పట్టుకొచ్చారు.

విశాఖ మాస్టారు:
మబ్బు తెలుగు, గండి తెలుగు, సమాసం కుదిరింది. కానీ పత్రికలో శీర్షికగా వేస్తే ‘మబ్బుగండి’ ఏదో ఊరి పేరనుకుంటారు. పాపికొండల పక్కన ఉందేమోనని వెతుక్కుంటారు.

వానలెక్క:
పేరు ఏదైనా సరే, హద్దు చెరిగిపోతే ఏమవుతుందో చూడండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అక్కడికి వెళ్లి, ఇది క్లౌడ్ బరస్ట్ అని, విదేశాల కుట్ర ఉందేమోనని అన్నారు. కుట్ర మాట పక్కన పెట్టండి, ఆ పదమే అక్కడ అతకదు. క్లౌడ్ బరస్ట్ 20–30 చదరపు కిలోమీటర్ల వ్యవహారం. గోదావరికి అంత వరద రావాలంటే పైన ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహకాల్లో వేల చదరపు కిలోమీటర్ల మేర రోజుల తరబడి కురవాలి. దానికి ‘జడివాన’ అనే మాట మనకుంది. జడి పట్టడం వేరు, కుండపోత వేరు, ముసురు వేరు. ఈ తేడాలు మన తాతలకు కొలతలు లేకుండానే తెలుసు.

మొగులు:
అన్నా, నువ్వు ఇప్పుడు మా వైపు వచ్చినట్టేనా?

వానలెక్క:
సగం. కొలతకూ చిక్కులున్నాయని ఒప్పుకుంటాను. 2010 ఆగస్టులో లద్దాఖ్‌లోని లేహ్‌ను వరద ముంచెత్తిన రోజు ఊళ్లోని వర్షమాపకంలో నమోదైంది 12.8 మిల్లీమీటర్లే. వాన పడిన చోట మాపకం లేదు, అంతే. కొలతనే పట్టుకు కూర్చుంటే అది క్లౌడ్ బరస్టే కాదనాలి. అయినా శాస్త్రానికి ఒక పదం, ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక పదం ఉండటం నేరం కాదు.

గట్టు గారూ, నిన్న మీ మేడ మీద బకెట్ ఏమైనా ఖాళీగా ఉండిందా?

గోదారి గట్టు:
పెయింట్ బకెట్ ఒకటి ఉంది. మొన్ననే బోర్లించి ఆరబెట్టి, మళ్లీ తిప్పి పెట్టాను. అందులో నీళ్లు ఇంకా పారబోయలేదు.

వానలెక్క:
స్కేలు పెట్టి చూడండి.

గోదారి గట్టు:
పాప కొలిచింది. ఐదున్నర సెంటీమీటర్లు.

వానలెక్క:
మూతి వెడల్పు, అడుగు ఇరుకు కాబట్టి అసలు వాన ఇంకా తక్కువే. ముప్పావు గంటకు అది పెద్ద వానే, కానీ క్లౌడ్ బరస్ట్ కాదు.

గోదారి గట్టు:
పాపకు చెప్పాను. “అయితే మబ్బుకు గండి పడలేదు, టీవీవాళ్లకు బకెట్ లేదు” అంటోంది.