పట్టా లేని సంప్రదాయ వైద్యులకు చట్టం గుర్తింపు ఇవ్వాలా?

తంగేడు:
గురువు దగ్గరో ఇంటి పెద్దల దగ్గరో నేర్చుకుని మూలికావైద్యం చేసేవాళ్లు, ఎముకలు కట్టేవాళ్లు, మంత్రసానులు. వీళ్లకు పట్టా ఉండదు. వీళ్లను రిజిస్టర్ చేసి ఆరోగ్య వ్యవస్థలోకి తీసుకోవాలా? దక్షిణాఫ్రికా 2007లో ఇందుకు ప్రత్యేక చట్టమే చేసింది. మీరేమంటారు?

సెలయేరు:
వద్దండీ. రిజిస్ట్రేషన్ నంబరు గోడకెక్కితే చాలు, ఆ మందు పరీక్షల్లో నెగ్గిందనే జనం అనుకుంటారు. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకోవడానికీ లేదు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి ఇచ్చిన మందుల్లో ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత కాన్సర్ కూడా వచ్చింది.

రావిచెట్టు:
సెలయేరు గారూ, మీ భయం నిజమే. కానీ అది జరిగింది క్లినిక్‌లో. ఎవరికి ఏ మందు ఇచ్చారో తెలిసింది కాబట్టే కారణం దొరికింది. చాటుగా సాగే వైద్యంలో హాని జరిగితే ఎవరు కనిపెడతారు?

నిషేధం సంగతీ చూశాం. న్యూజిలాండ్ 1907లో అక్కడి మూలవాసులైన మావోరీల వైద్యులను, అంటే తొహుంగాలను, అణచడానికి చట్టం తెచ్చింది. వైద్యం ఆగలేదు, చాటుకు పోయింది. చివరికి 1962లో ఆ చట్టాన్నే రద్దు చేశారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. పసరు తాగిన సంగతి రోగి డాక్టరుకు చెప్పడు, తిడతారని భయం. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క గర్భనిరోధక మాత్రల బలాన్ని, కొన్ని హెచ్‌ఐవీ మందుల బలాన్ని తగ్గిస్తుంది. ఆ ఒక్క మాట దాచినందుకే చికిత్స దెబ్బతింటుంది.

ఈ మనిషి ఎవరు, ఏం చేయకూడదు, హాని జరిగితే ఎవరికి జవాబు చెప్పాలి అని రాసిపెట్టడమే నేనడిగే గుర్తింపు. రిజిస్టర్ కానివాడు కాన్సర్, ఎయిడ్స్ నయం చేస్తానంటే దక్షిణాఫ్రికా చట్టం ప్రకారం నేరం.

సెలయేరు:
కాగితం మీద బాగానే ఉంది, తనిఖీ ఎవరు చేస్తారు? పాముకాటుకు విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఉంటుంది. ఆకు పసరుతో గంట గడిస్తే ప్రాణం పోవచ్చు. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పంపేయాలో నేర్పి, పరీక్ష పెట్టాకే నంబరు ఇస్తామంటే ఆలోచిస్తాను.

రావిచెట్టు:
దానికి పూర్తిగా ఒప్పుకుంటాను. పంపనివాడి రిజిస్ట్రేషన్ తీసేయాలి. అలాగే, అక్కడి నుంచి వచ్చిన రోగిని "ఇన్నాళ్లూ ఏం చేశావ్" అని అందరి ముందూ కసిరే పద్ధతి ఆసుపత్రులూ మానుకోవాలి. లేకపోతే వైద్యుడు పంపినా రోగి గడప దాటడు.