సమస్యాపూరణం: నీరె మంచమయ్యె నిద్రపోవ

నిర్వాహకుడు: ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

«నీరె మంచమయ్యె నిద్రపోవ»

పాలకడలిలో పవ్వళించిన స్వామిని ఈసారి పిలవకండి. పూరణ అమెరికాలోని నెబ్రాస్కాలో, మార్చి నెలలో జరగాలి. 1867లో 37వ రాష్ట్రంగా చేరిన ఈ మొక్కజొన్న సీమలో ప్లాట్ నది పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. ఫిబ్రవరి చివర మొదలుకొని ఏప్రిల్ తొలి రోజుల దాకా శాండ్‌హిల్ క్రేన్ పక్షులు ఐదు లక్షలకు పైగా ఆ నది మీద దిగుతాయి. ప్రపంచంలోని ఆ జాతి పక్షుల్లో సుమారు 80 శాతం! టెక్సస్, న్యూమెక్సికో, మెక్సికోల్లో చలికాలం గడిపి కెనడా, అలాస్కా, సైబీరియాలకు పోతూ చేసే మజిలీ అది. రాష్ట్రపక్షి మెడోలార్క్ మరో వారానికి.

కొత్త సభ్యుడు: తొలి ప్రయత్నం, పెద్దలు మన్నించాలి.

ప్లాటు నదిని వాలి బారులు బారులై
కొంగలన్ని రాత్రి కునుకు తీయ
నక్క రాని చోటు నడినదియే యని
నీరె మంచమయ్యె నిద్రపోవ

గుంటూరు మాస్టారు: గణయతులు కుదిరాయి నాయనా. కానీ కునుకు తీశాక మళ్ళీ నిద్రపోవడం పునరుక్తి. ఇక ఇవి కొంగలు కావు. కొంగ మెడ ముడిచి ఎగురుతుంది. ఇవి మెడ బారుగా చాచి ఎగురుతాయి. క్రేన్‌కు బెగ్గురు అనే చక్కని మాట ఉండగా కొంగ ఎందుకు? మూడో పాదం మాత్రం నచ్చింది. తోడేలును పోలిన అక్కడి అడవి జంతువు కయోటీని నక్క అంటే నాకు అభ్యంతరం లేదు. లోతు లేని నీటిలో అది అడుగు వేస్తే చప్పుడు పట్టిస్తుంది. పక్షుల ధీమా అదే. అన్నట్టు, «ప్లాటు» అనగానే నాకు గజాల లెక్కన అమ్మే స్థలం గుర్తొచ్చింది!

వరంగల్ సభ్యుడు:

పొలములోన రాలు పొత్తుల గింజలు
పగలు మెక్కి కండ పట్టు పక్షి
కుత్తరమున కేగు నొకనెల ముందుగ
నీరె మంచమయ్యె నిద్రపోవ

(మా వైపు కంకి అంటాం. యతి కోసం గుంటూరు వారి పొత్తు అరువు తెచ్చుకున్నాను.)

గుంటూరు మాస్టారు: అరువు తీర్చనక్కరలేదు. «పక్షికి + ఉత్తరమునకు» సంధి ముచ్చటగా ఉంది. అయితే మార్చిలో గింజలు రాలడమేమిటి? కోతలు శరత్తులోనే అయిపోయాయి. «రాలు» తీసి «మిగులు» పెట్టండి, గణం చెడదు.

ఒమాహా సభ్యురాలు: కిందటేడు కార్నీ దగ్గర రో అభయారణ్యంలో, తెల్లవారక ముందే ఏటి ఒడ్డున చెక్కగదిలో కూర్చున్నాను. కిటికీ అంటే చిన్న సందు. ఫోను వెలుగు కూడా కనపడకూడదు. చీకట్లో ముందు ఆ గొంతులే వినిపించాయి, వేల గొంతులు.

గూడువంటి గదిని గుసగుసలాడక
చలికి వణకు నాకు జాగరమ్ము
పట్టెమంచమేల పక్షుల కేటిలో
నీరె మంచమయ్యె నిద్రపోవ

నిర్వాహకుడు: మాకు జాగరణ, వాటికి శయ్య! ఈ వారం తాంబూలం మీకేనమ్మా. పక్షిని చూసేవారిని కూడా పద్యంలోకి తెచ్చింది మీరొక్కరే.

ఒక రహస్యం కూడా విప్పుతాను. ఓటో తెగవారి భాషలో ఈ నదికి ఉన్న పేరు నుంచే «నెబ్రాస్కా» వచ్చింది. అర్థం «చదునైన నీరు». ఫ్రెంచివారి «ప్లాట్»కూ చదును అనే అర్థం. మంచం ఆ పేరులోనే పరిచి ఉంది, ఎవరూ పట్టుకోలేదు.

కొత్త సభ్యుడు: అయితే ప్లాటు తీసేస్తున్నాను మాస్టారూ. ఈ పక్షులు జంట విడవవని చదివాను, దానినీ చేర్చాను.

చదును నీట వాలు జంటల బారులౌ
బెగ్గురులకు మాపు భీతి యుడుగ
నక్క రాని చోటు నడినదియే యని
నీరె మంచమయ్యె నిద్రపోవ

గుంటూరు మాస్టారు: తాంబూలం ఇంకా ఇవ్వలేదు కదా నిర్వాహకుడు గారూ? ఒక ఆకు ఇటు కూడా పంపండి.