మెయిన్ షాఫ్ట్ కాలర్: ప్లే సున్నా చేయాలా, వెంట్రుకవాసి వదలాలా?

కలెక్టివ్‌పిచ్
600 క్లాస్ (దాదాపు 600 మి.మీ. బ్లేడ్‌లుండే) రిమోట్ కంట్రోల్ మోడల్ హెలికాప్టర్ తీసుకుందాం. 10 మి.మీ. షాఫ్ట్, కార్బన్ ఫ్రేములో రెండు 6800 బేరింగ్‌లు. పై బేరింగ్ మీద కాలర్ (షాఫ్ట్ చుట్టూ బిగించే రింగు), కింది బేరింగ్ కింద మెయిన్ గేర్ హబ్. కిట్ పుస్తకాలు చాలావరకు "పైకీ కిందకీ ప్లే లేకుండా బిగించండి" అని ఒక్క ముక్కతో సరిపెడతాయి. బిగించేవాళ్లు మాత్రం రెండు జట్లు: ప్లే (షాఫ్ట్ కదిలే ఖాళీ) సున్నా ఉండాలనేవాళ్లు, 0.1 మి.మీ. వదలాలనేవాళ్లు.

నాది మొదటి జట్టు. స్వాష్‌ప్లేట్‌ను (బ్లేడ్‌ల కోణం మార్చే పళ్లెం) సర్వోలు (దాన్ని కదిపే చిన్న మోటార్లు) ఫ్రేముకు పట్టి ఉంచుతాయి, బ్లేడ్ గ్రిప్పులు (బ్లేడ్‌లను పట్టుకునే భాగాలు) షాఫ్ట్‌తో కదులుతాయి. కాబట్టి షాఫ్ట్ లేచిన మేర స్వాష్‌ప్లేట్ నుంచి వచ్చే లింకు గ్రిప్ ఆర్మ్‌ను లాగుతుంది. ఆర్మ్ పొడవు 20 మి.మీ. అనుకుంటే 0.3 మి.మీ. ప్లేకి పిచ్ (బ్లేడ్ కోణం) దాదాపు 0.86 డిగ్రీలు మారుతుంది. తలకిందులుగా ఎగిరించేటప్పుడు బలం దిశ మారి షాఫ్ట్ అటు నుంచి ఇటు జారుతుంది. ఆర్మ్ బ్లేడ్ ముందు అంచు వైపు ఉన్న రోటర్ హెడ్‌లో రెండు వైపులా పిచ్ తగ్గే దిశలోనే మారుతుంది. అంటే కలెక్టివ్ (అన్ని బ్లేడ్‌ల పిచ్‌ను ఒకేసారి మార్చే నియంత్రణ) మధ్యలో స్టిక్ కదిలినా రోటర్ పలకని చోటొకటి ఏర్పడుతుంది. మోడల్‌ను నమ్మి నేలకు దగ్గరగా తెచ్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కార్బన్‌ఫ్రేమ్
లెక్క సరే, కానీ 0.3 వదలమని ఎవరన్నారు? 0.1 వదిలితే 0.3 డిగ్రీ కూడా రాదు. కాస్త అరిగిన బాల్ లింకుల్లోనే అంత ప్లే ఉంటుంది.

"సున్నా" అని రాస్తే చదివినవాళ్లు చేసేదేమిటో చూడండి. హబ్ పట్టుకుని షాఫ్ట్‌ను పైకి లాగుతారు, బొటనవేలితో కాలర్‌ను బలంగా నొక్కుతారు, అలాగే గ్రబ్ స్క్రూ (కాలర్‌ను షాఫ్ట్‌కు పట్టించే తల లేని స్క్రూ) బిగిస్తారు. అది సున్నా కాదు, బేరింగ్‌ను అక్షం దిశలో పిండడం. 6800 కొలత 10×19×5, పల్చటి రింగులు, చిన్న బాల్స్. ఎప్పుడూ ఒత్తిడిలోనే తిరిగితే వేడెక్కుతుంది, గ్రీజు త్వరగా పోతుంది, ఆ తర్వాత గరగర మొదలు. పైగా మన వేసవిలో 45 డిగ్రీల ఎండలో ఎగిరిస్తే స్టీలు షాఫ్ట్ సాగి ఇంకా బిగుసుకుంటుంది.

షిమ్‌వాషర్
కార్బన్‌ఫ్రేమ్ గారూ, పిండడం తప్పన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఎండ సంగతి మాత్రం తిరగబడింది. బేరింగ్‌ల మధ్య దూరం 80 మి.మీ. అనుకుందాం. 25 నుంచి 45 డిగ్రీలకు పోతే స్టీలు సాగేది దాదాపు 0.02 మి.మీ. కార్బన్ ప్లేటు దాదాపు సాగదు. పై లేఔట్‌లో కాలరూ హబ్బూ బేరింగ్‌లకు బయటివైపున ఉన్నాయి, కనుక షాఫ్ట్ సాగితే అవి ఒకదానికొకటి దూరం జరుగుతాయి: బిగుసుకోదు, వదులవుతుంది. ఆపే భాగాలు రెండూ బేరింగ్‌లకు లోపలివైపున ఉన్న మోడల్‌లోనే మీ భయం వర్తిస్తుంది.

ఇంకోటి. బేరింగ్‌కే సొంత ప్లే ఉంటుంది. ఈ సైజులో మామూలు బేరింగ్ రేడియల్ క్లియరెన్స్ (అడ్డంగా ఉండే ఖాళీ) 2 నుంచి 13 మైక్రాన్లు, అక్షం దిశలో అది చాలా రెట్లు పెరుగుతుంది. చేతికి తగిలే ఆ కాస్త కదలిక కాలర్‌ది అనుకుని ఇంకా నొక్కేవాళ్లే బేరింగ్‌లు పాడుచేస్తున్నారు.

షిమ్ (సందు నింపే పల్చటి వాషర్) వేసేవాళ్లకు: 10×16 షిమ్ సులువుగా దొరుకుతుంది, అదే వేసేస్తారు. 6800 లోపలి రింగు అంచు 12 మి.మీ. దరిదాపుల్లో ముగుస్తుంది. 16 మి.మీ. షిమ్ దాన్ని దాటి షీల్డు (బేరింగ్ పక్క మూత) మీదికి పోతుంది, తిరిగినప్పుడల్లా గీస్తుంది. షిమ్ లోపలి రింగుకే ఆనాలి.

హబ్‌బోల్ట్
కాలర్ దాకా వచ్చేముందు చూడాల్సినవి ఉన్నాయి. బేరింగ్ బ్లాకుల స్క్రూలు వదులుగా పెట్టి, షాఫ్ట్‌ను రెండింటిలోంచి దూర్చి, తిప్పుతూ ఒక్కో స్క్రూ అటొకటి ఇటొకటి బిగించాలి. అన్నీ బిగిశాక హబ్బూ హెడ్డూ లేని షాఫ్ట్ తన బరువుకే కిందికి జారాలి. మధ్యలో ఆగితే బ్లాకులు వరసలో లేవు, లేదా షాఫ్ట్ వంగింది. మందపాటి అద్దం మీద దొర్లించి కింద వెలుతురు చూస్తే రెండోది తేలిపోతుంది.

తర్వాత హబ్ బోల్టు. అది పూర్తిగా బిగించాకే కాలర్. చాలామంది ప్లే అని చెప్పేది నిజానికి ఈ బోల్టు రంధ్రంలోది. షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందకీ కదిపి హబ్‌ను చూడండి. షాఫ్ట్ కదిలి హబ్ కదలకపోతే రంధ్రం కోలగా అరిగింది. కాలర్ ఎంత నొక్కినా పోదు, షాఫ్ట్ మార్చాలి. వన్‌వే బేరింగ్ (ఒకే దిశలో పట్టే బేరింగ్) మీద మెయిన్ గేర్ కొద్దిగా ఊగడం మళ్లీ వేరే సంగతి, దాన్ని ఇందులో కలపొద్దు.

కలెక్టివ్‌పిచ్
పిండొద్దన్నది ఒప్పుకున్నాను. కానీ 0.1 మి.మీ. ఖాళీ మాత్రం ఉంచను. రోటర్ బలం దిశ మారినప్పుడల్లా ఆ ఖాళీలో కాలర్ బేరింగ్‌కు సుత్తిలా తగులుతుంది. గ్రబ్ స్క్రూ కొంచెం జారితే 0.1 కాస్తా 0.3 అవుతుంది.

కార్బన్‌ఫ్రేమ్
ఎండ విషయంలో నాదే తప్పు, షిమ్‌వాషర్ గారూ. లేఔట్ చూడకుండా రాశాను.

అయినా చేతి అంచనాకు వదలకుండా కొలిచి పెట్టమంటాను. 0.05 మి.మీ. ఫీలర్ ఆకులు (సందు కొలిచే పల్చటి స్టీలు రేకులు) రెండు తీసుకుని కాలర్ కింద ఎదురెదురుగా పెట్టండి (ఒక్కటే పెడితే కాలర్ వాలుతుంది). షాఫ్ట్‌ను పైకి తేలిగ్గా ఆనించి, కాలర్‌ను ఆకుల మీద వాల్చి, గ్రబ్ స్క్రూలను మార్చి మార్చి అర చుట్టు చొప్పున బిగించి ఆకులు లాగేయండి. స్క్రూకి నీలం లాక్టైట్ 243 (స్క్రూ సడలకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. అంతకుముందు ఐసోప్రొపైల్‌తో నూనె తుడవాలి. ఎక్కువ పోస్తే కారి బేరింగ్‌లోకి దిగుతుంది. ఆ చుక్క పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు.

హబ్‌బోల్ట్
ఆకులు లాగేశాక, పినియన్ (మోటారు మీది చిన్న గేర్) నుంచి గేర్ విడదీసి షాఫ్ట్‌ను వేలితో ఒక్క తిప్పు తిప్పండి. మెల్లగా నెమ్మదించి ఆగితే సరే, పట్టేసినట్టు టక్కున ఆగితే కాలర్ విప్పి మళ్లీ పెట్టాల్సిందే. కాలర్ నుంచి షాఫ్ట్ మీదికి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీసి, మొదటి రెండు ఫ్లైట్‌ల తర్వాత చూడండి. కాలర్ చుట్టూ తిరిగితే గీత తెగుతుంది, పైకి జారితే ఆ 0.05 ఆకు సందులో వదులుగా దూరుతుంది. తీసేటప్పుడు గ్రబ్ స్క్రూ లేపిన బొబ్బను సన్నటి ఎమరీతో రుద్దాకే షాఫ్ట్ బయటికి లాగాలి, లేకపోతే అది బేరింగ్ లోపలి రింగును గీసుకుంటూ వస్తుంది.